చేపల వరస

బడి నుంచి రాగానే లంచ్ డబ్బాలు సింకులో పెట్టాలి. ఆ ఇంట్లో అది చట్టం. ఎవరు పెట్టకపోయినా అమ్మ ఊరుకోదు. రోజంతా మందుల షాపులో నిలబడి, ప్రతి అట్టపెట్టె మీద తేదీ చదివి, కాస్త ఆగి మళ్ళీ చదివే మనిషి ఆమె. ఇంటికి వచ్చాక మాత్రం ఒక్కసారి చూసి వదిలేయమంటే ఎలా వదిలేస్తుంది? డబ్బాని వేడినీళ్ళలో ముంచుతుంది. మూత లోపలి రబ్బరు చుట్టుని పిన్నీసుతో లేపి బయటికి తీసి, ఆ గాడిని పాత టూత్ బ్రష్‌తో రుద్దుతుంది. ఆ గాడిలో బూజు పడుతుందని, అది పిల్లల కడుపులోకి పోతుందని ఎక్కడో చదివింది. ఎక్కడ చదివిందో గుర్తులేదు. భయం మాత్రం గుర్తుండిపోయింది.

ఆ సాయంత్రం చిన్నదాని డబ్బా మూత తీయగానే లోపలి నుంచి పాట వచ్చింది.

"గాలి లేచింది, కిటికీ తెరవండి... ఊరు దాటి వచ్చిన చుట్టముంది..."

చిన్నదాని గొంతే. అమ్మ నీళ్ళు కట్టేసి పాట అయ్యేదాకా ఆగింది. అయ్యాక డబ్బాలోకి తొంగి చూసింది. అడుగున రెండు క్యారెట్ ముక్కలు.

"మళ్ళీ క్యారెట్లు వదిలేశావా?" అని హాల్లోకి ఒక కేక వేసి, డబ్బా వేడినీళ్ళలో ముంచింది.

మర్నాడూ అదే పాట వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. హాల్లో పాత స్వెట్టర్ విప్పి ఉన్ని చుట్టుకుంటూ కూర్చున్న నాయనమ్మ విసుక్కుంది. "రోజూ ఒకటే పాటా? అంత డబ్బు పోసి చేర్పించారు, ఆ బళ్ళో రెండో పాట లేదా?" పక్కింటావిడ గోడ మీద తట్టి, "ఇంకాస్త ఆగి తెరవండమ్మా, పాపని ఇప్పుడే పడుకోబెట్టాను" అంది. ఆ రోజు నుంచి అమ్మ డబ్బాని పాప నిద్ర లేచాక తెరవడం మొదలుపెట్టింది. ఒకరికి ఇబ్బంది కలిగించడం అంటే ఆమెకి మహా భయం. ఆ ఊరికి వాళ్ళు కొత్త. కొత్తవాళ్ళ ఇంట్లో కుర్చీ జరిగినా ఊరంతా వింటుందని ఆమె నమ్మకం.

చిన్నదాన్ని ఇంట్లో అందరూ ఢంకా అంటారు. పుట్టగానే అది పెట్టిన ఏడుపుకి పక్క గదిలో నర్సు చేతిలోంచి ట్రే జారిపడిందట. నాయనమ్మది కూడా అలాంటి గొంతే. బాగా లోతైన, బరువైన గొంతు. ఇద్దరూ కలిసి పాడితే గూట్లో గాజు గ్లాసులు సన్నగా మోగుతాయి. పాడేటప్పుడు ఢంకా అందరికన్నా ఒక మెట్టు కిందే మొదలుపెడుతుంది. అంతకన్నా పైకి ఆ గొంతు పోదు. పోవాలని దానికి ఎప్పుడూ అనిపించలేదు కూడా.

ఒక సాయంత్రం డబ్బా పాట పాడుతుంటే, సోఫాలో పడుకుని చదువుకుంటున్న అక్క పుస్తకం దించకుండానే అంది.

"బళ్ళో పాడనిది ఇంటికొచ్చి వినిపిస్తోందన్నమాట."

"పాడనిదేంటే? కాన్సర్టుకి తీసుకున్నారు కదా?"

"తీసుకున్నారు. చేపల వరసలో."

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. "చేపల వరసేంటి?"

అక్క ఆ బళ్ళోనే పెద్ద తరగతి చదువుతుంది. ఇలాంటివన్నీ దానికి తెలుసు. "వెనకాల బెంచీ మీద నిలబెడతారమ్మా. పాట వచ్చినప్పుడు నోరు తెరవాలి, మూయాలి. గొంతు రాకూడదు. నీళ్ళల్లో చేప లేదూ, అలాగ. గొంతు కలవని వాళ్ళందరూ అక్కడే."

నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న ఢంకా పక్కన అమ్మ చతికిలబడింది.

"మిస్ ఏమంది నాన్నా నీతో?"

"నీది చాలా స్పెషల్ గొంతు అంది. పెద్దయ్యాక బాగా పనికొస్తుందంది. ఇప్పటికి పెదాలు కదిపితే చాలంది." ఢంకా ఎలా కదపాలో చేసి చూపించింది. నోరు గుండ్రంగా తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. "నేను బాగా చేస్తానట. అందరికన్నా నాదే నిజంగా పాడుతున్నట్టు ఉంటుందట."

అందులో దానికి కాస్త గర్వం కూడా ఉంది. అమ్మకి కోపం ఎక్కడ మొదలైందో ఆమెకే తెలుసు. ఆ గర్వం దగ్గరే మొదలైంది.

రాత్రి అన్నాల దగ్గర నాన్న అంతా విని, మెల్లిగా అన్నాడు. "తీసెయ్యలేదు కదా? పార్టిసిపేట్ చేస్తోంది కదా. కాన్సర్టు రోజు స్టేజీ మీదే ఉంటుంది. మొదటి ఏడే గొడవెందుకు? మనం బయటి నుంచి వచ్చినవాళ్ళం."

నాయనమ్మ చెంచా కింద పెట్టింది. "పార్టిసిపేటంటే ఏంట్రా?"

"పాల్గొనడం అమ్మా."

"అంటే ఏం చెయ్యాలి?"

"ఏదైనా చెయ్యొచ్చు. ఆటలో పార్టిసిపేట్ చేస్తాం, పోటీలో, మీటింగులో, పెళ్ళి పనుల్లో... అన్నిటికీ వాడతారు."

"అన్నిటికీ ఒకటే మాటా? పనైతే చెయ్యి వెయ్యాలి. బండి దిగబడితే భుజం పట్టాలి. ఒకళ్ళు ఏడుస్తుంటే పక్కన కూర్చోవాలి. పాటైతే గొంతు కలపాలి. ఒక్కోదానికి ఒళ్ళు ఒక్కో చోట కదలాలి కదా. ఇదేం మాటరా, ఎక్కడా ఏమీ కదపక్కర్లేకుండా?"

"మా క్లాసులో దానికి మార్కులు కూడా ఉంటాయి నాయనమ్మా" అంది అక్క. "చెయ్యెత్తితే పార్టిసిపేట్ చేసినట్టే. మేం రోజూ ఎత్తుతాం, ముందు వేరేవాళ్ళు ఎత్తేశారని చూసుకుని. ఒకసారి మిస్ నన్నే అడిగేసింది. చెయ్యి నొప్పిగా ఉంటే పైకి సాగదీశాను మిస్ అని చెప్పాను."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"మీ ఆఫీసులో మీరేం చేస్తారు, మీటింగుల్లో?"

"నేనా? కూర్చుంటాను. వాళ్ళు మాట్లాడుతుంటే తలూపుతాను. అడిగితే బాగుందంటాను."

"ఎప్పుడూ ఏమీ చెప్పరా?"

"చెబుదామనే అనుకుంటాను. నేను మొదలుపెట్టేలోపు వాళ్ళు తర్వాతి దానికి వెళ్ళిపోతారు."

"మీ డబ్బా తెండి" అంది అమ్మ.

నాన్న బీమా కంపెనీకి తీసుకెళ్ళే స్టీలు డబ్బా సంచీలోనే ఉంది. ఆయన దాన్ని తనే కడుక్కుంటాడు, అదీ మగవాళ్ళు కడిగినట్టు. అమ్మ బల్ల మీద పెట్టి మూత తీసింది. అందరూ ముందుకి వంగారు. లోపలి నుంచి ఒక చిన్న దగ్గు వచ్చింది. మాట్లాడేముందు మనిషి గొంతు సవరించుకుంటాడే, ఆ దగ్గు. అంతే. దాని వెనక ఏమీ లేదు.

నాన్న చాలాసేపు డబ్బా వైపు చూసి, మూత పెట్టేశాడు.

మర్నాడు అమ్మ షాపులో సెలవడిగి బడికి వెళ్ళింది. సంగీతం గదిలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కిటికీ దగ్గర పియానో ముందు ఒక పెద్దాయన కూర్చుని గుడ్డతో మెట్లు తుడుస్తున్నాడు. పిల్లల పాటలకి వాయించేది ఆయనే. సంగీతం మిస్ లేచి ఎదురొచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మంచి మనిషి. అదే కష్టం. చెడ్డ మనిషైతే అమ్మ దారిలో కూడబలుక్కున్న నాలుగు మాటలూ అనేసి వచ్చేది.

"మీ అమ్మాయి బంగారం అండీ! ఎంత బాగా పార్టిసిపేట్ చేస్తుందో!"

"దాన్ని పాడొద్దన్నారట."

"అయ్యో, పాడొద్దని కాదు. మా బళ్ళో ఒక నియమం ఉంది. ఏ బిడ్డనీ పక్కన పెట్టం. వేరే బళ్ళల్లో పరీక్ష పెట్టి, గొంతు బాగాలేదని ఇంటికి పంపేస్తారు. మేం అలా చెయ్యం. అందరూ స్టేజీ ఎక్కాలి, అందరూ పార్టిసిపేట్ చెయ్యాలి."

"గొంతు లేకుండానా?"

"పాడటం వేరు, పార్టిసిపేట్ చెయ్యడం వేరు కదండీ."

ఆ మాట ఎంత మెత్తగా అందంటే, అమ్మకి ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. తేరుకుని చెప్పింది. "దాని పాట రోజూ లంచ్ డబ్బాలో ఇంటికొస్తోంది."

"అవును, కొందరికి వస్తుంది" అంది మిస్, జలుబు గురించి చెప్పినట్టు. "కాన్సర్టు అయిపోతే తగ్గిపోతుంది. గాలి చొరబడని డబ్బాలు వాడి చూడండి."

"పాడనిస్తే ఏమవుతుంది?"

మిస్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "ఒకరోజు పాడనిచ్చానండీ. తన గొంతు వినగానే ముందు వరసల గొంతులన్నీ కిందికి జారిపోయాయి. ఎవరు ఆపినా ఆగలేదు. పాటే మారిపోయింది."

"మారితే?"

"మారితే అది మేం అనుకున్న పాట కాదు కదా!"

కిటికీ దగ్గర గుడ్డ ఆగింది. పెద్దాయన తల ఎత్తలేదు. ఎడమ వైపు ఒక మెట్టు మీద వేలు ఆనించాడు గానీ నొక్కలేదు. ఇంతలో బెల్లు మోగింది. అమ్మకి తలుపు దాకా తోడొచ్చిన మిస్, "తల్లిదండ్రులు ఇలా ముందుకొచ్చి పార్టిసిపేట్ చెయ్యడం మాకు చాలా సంతోషం" అంది. అమ్మ అనాలనుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. గేటు దాటాక ఆమె చేతిసంచీ విప్పి, తన డబ్బాలో అవేమైనా పడ్డాయేమోనని చూసుకుంది కూడా.

గేటు దగ్గర కొడుకు కోసం నిలబడ్డ ఒక తల్లి పలకరించింది. వాడూ చేపల వరసలోనే.

"మావాడిది నీళ్ళసీసాలోంచి వస్తుందండీ. తాగబోతే గుడగుడమని పాట. మూతలో వడపోత మార్చాను, కొంచెం నయం."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ఎవరి మీద చూపిస్తాం? తీసెయ్యలేదు కదా అంటారు మా ఆయన."

"మా ఆయనా అదే అన్నారు" అంది అమ్మ. ఇద్దరూ కాసేపు ఆ ఇద్దరు మొగుళ్ళ మీద కోపం చూపించుకున్నారు. కొంచెం నయమనిపించింది.

కాన్సర్టు దగ్గరపడుతున్న కొద్దీ సాధనలు పెరిగాయి. ఒక ఉదయం ఢంకా మంచం మీద కూర్చుని, కాలు చాపి, పెదాలు కదిపింది.

"ఏంటమ్మా?"

మళ్ళీ కదిపింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. గొంతు రాలేదు.

"ఆటలా? బస్సు వచ్చే వేళ ఇది."

ఢంకా కళ్ళు పెద్దవి చేసి, కాలు ఎత్తి చూపించి, ఇంకోసారి పెదాలు కదిపింది. తర్వాత భుజాలు ఎగరేసి బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది. సాయంత్రం అమ్మ డబ్బా మూత తీసింది. పాటకి ముందు ఒక మాట వచ్చింది.

"అమ్మా, సాక్సు తడిగా ఉన్నాయి."

పొద్దుటి మాట. అమ్మ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. పాట మొదలైంది, అయిపోయింది. వెనకాల ఇంకో మాట. "మిస్, బాత్రూముకి వెళ్ళనా?" ఆ వెనకాల మెల్లిగా, "నేను ఇక్కడే ఉన్నాను."

నాయనమ్మ ఉన్ని ఉండ పక్కన పెట్టి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఇన్నాళ్ళూ ఈ డబ్బాని ఏం చేశావే?"

"కడిగాను అత్తయ్యా."

"దేంతో?"

"సబ్బుతో. వేడినీళ్ళతో. రబ్బరు తీసి, గాడిలో కూడా..."

అంతవరకూ చెప్పి అమ్మ సింకు వైపు తిరిగింది. నీళ్ళు పోయే కన్నం నల్లగా కనిపించింది. ఇన్నాళ్ళ పాటలు, చుక్క మిగలకుండా. ఏ తల్లీ ఇంత శుభ్రంగా కడగదని పొంగిపోతూ, బ్రష్ పెట్టి రుద్ది మరీ పంపించింది. ఆమె కన్నం మీద చెయ్యి అడ్డం పెట్టింది, ఇప్పుడు పెట్టి లాభం లేదని తెలిసి కూడా.

"ఏడుపు తర్వాత" అంది నాయనమ్మ. "ముందు మూత పెట్టు. ఇప్పుడొచ్చింది ఇంకా గదిలోనే ఉంది, ఆ కిటికీ ముయ్యి. ఇకనుంచి దాన్ని తెరవకు. ఎవరిది వాళ్ళే తెరుచుకోవాలి."

ఆ తర్వాత అన్నం కాగితంలో చుట్టి ఇచ్చింది అమ్మ. డబ్బా ఖాళీగా, మూత బిగించి, సంచీలో వెళ్ళేది, ఇంకాస్త బరువెక్కి తిరిగొచ్చేది. ఢంకా ఇంట్లో పూర్తిగా మాట్లాడటం మానేసింది. మానలేదు, పెదాలు కదుపుతూనే ఉంది. అన్నం పెట్టమని, రిబ్బను ముడి విప్పమని, అక్క గిల్లిందని. ఎవరికీ వినిపించేది కాదు. కొన్నాళ్ళకి పెదాలు కదపడం కూడా తగ్గించింది. దేనికైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేది. గూట్లో గ్లాసులు కదలకుండా ఉండేవి. డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, గొంతు శుభ్రంగా ఉందన్నాడు. ఆ "శుభ్రంగా" అన్న మాటకి అమ్మకి ఒళ్ళు మండింది.

అంతకన్నా ఒళ్ళు మండించింది క్లాసు టీచరు. ఒక సాయంత్రం ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. "మీ అమ్మాయి ఎంత మారిందండీ! ఇదివరకు కాస్త గట్టిగా మాట్లాడేది. ఇప్పుడు చూడండి, చక్కగా కుదిరిపోయింది."

"దాని గొంతు పోయిందండీ!" అంది అమ్మ. ఆ ఊరు వచ్చాక ఎవరితోనైనా అంత గట్టిగా అనడం అదే మొదలు. "గొంతు పోయిన పిల్లని కుదిరిందంటారా? అదేం చదువు మీది? రేపు మనిషే లేకుండా పోతే ఇంకా బాగా కుదిరిందంటారా?"

"మీరు ఇలా మాట్లాడితే ఎలాగండీ" అంది టీచరు నొచ్చుకుని. అమ్మ ఫోన్ పెట్టేసి గోడ వైపు చూసింది. పక్కింటావిడ గోడ మీద తట్టలేదు.

కాన్సర్టు రోజుకి డబ్బా ఎంత బరువైందంటే, నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. మూత ఉబ్బి, రబ్బరు చుట్టు బయటికి కనిపిస్తోంది. దారి పొడుగునా అమ్మ ఒకటే సందేహం. "ముప్పై మంది పిల్లలు ఇన్నాళ్ళు సాధన చేశారు. వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి కూర్చుంటారు. మన పిల్ల వల్ల అందరి పాటా పాడైపోతే? తప్పు కదా?"

"ఆ అందరి పాటా కొందరు పిల్లలు గొంతు మింగుకుంటేనే తయారైంది" అంది నాయనమ్మ. "అది తప్పు కాదూ?"

హాలు తలుపు దగ్గర మెడలో కార్డు వేసుకున్న ఒక తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "తినే వస్తువులు లోపలికి రానివ్వం. నియమం. బయట బల్ల మీద పెట్టి రండి."

అమ్మ వెనక్కి అడుగు వేసింది. నియమం అనగానే ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి పడతాయి. నాన్న మాత్రం అక్కడే నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అదే చిన్న దగ్గు. అమ్మ, అక్క, నాయనమ్మ ముగ్గురూ ఆయన మొహంలోకి చూశారు.

"తినేది కాదండీ" అన్నాడు నాన్న. "ఇందులో మా అమ్మాయి ఉంది. ఇచ్చి వస్తాం."

ఆ తండ్రి డబ్బా వైపు చూశాడు, ఉబ్బిన మూత వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

స్టేజీ వెనక నడవాలో పిల్లలు తెల్ల చొక్కాల్లో బారులు తీరి ఉన్నారు. చిట్టచివర చేపలు, గోడకి ఆనుకుని కూర్చుని. అమ్మ ఢంకా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బా దాని ఒళ్ళో పెట్టింది. తెరిచి నోట్లో పోసెయ్యాలని ఆమె చేతులు ఆత్రపడ్డాయి. వాటిని వెనక్కి తీసుకుంది.

"ఇది నీది. నేను తెలీక చాలా పారబోశాను. మిగిలింది ఇదే. తెరవాలనిపిస్తే తెరువు, వద్దంటే ఇంటికి తీసుకుపోదాం. నీ ఇష్టం."

ఢంకా డబ్బా బరువు చూసింది. మూత ఒక మూల కొంచెం లేపి, గిన్నె అంచుకి నోరు పెట్టి పాలు తాగినట్టు పెదాలు ఆనించింది. ఒక్క స్వరం కూడా బయట పడలేదు. గొంతు మాత్రం గుటకగుటకకీ కదిలింది. సగంలో ఆగి ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగింది. పక్కనే ఉన్న తోటి చేప, ఆ నీళ్ళసీసా పిల్లాడు, అదే పనిగా చూస్తున్నాడు. వాళ్ళమ్మ నడవాలో ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తుకొచ్చి, సీసా మూతలోంచి వడపోత పీకి పారేసి, వాడి చేతిలో పెట్టింది.

బెల్లు మోగింది. మిస్ చప్పట్లు కొట్టి పిల్లల్ని స్టేజీ మీదికి నడిపించింది. డబ్బా తేలిగ్గా, అమ్మ చేతుల్లో మిగిలింది.

ముందు వరసలు సన్నగా, తియ్యగా మొదలుపెట్టాయి. "గాలి లేచింది, కిటికీ తెరవండి..." హాల్లో ఫోన్లు పైకి లేచాయి. రెండో చరణం దగ్గర వెనక బెంచీ మీద ఢంకా నోరు తెరిచింది.

ఆ గొంతు గాల్లోంచి కాదు, స్టేజీ చెక్కల్లోంచి వచ్చినట్టుంది. ముందు వరసల్లో తలలు ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగాయి. పాట సర్రున కిందికి జారింది. మిస్ చిరునవ్వు చెదరనివ్వకుండానే రెండు అరచేతులూ ఆడించింది, తగ్గు, తగ్గు అని. ఢంకా పక్కన ఇంకో గొంతు లేచింది, కాస్త గుడగుడలాడుతూ. దాని పక్కన ఇంకోటి. చేపల వరస మొత్తం పాడుతోంది. పిల్లలందరూ ఇప్పుడు ఒక మెట్టు కింద ఉన్నారు. పైన మిగిలిపోయింది పియానో ఒక్కటే. అది ఒంటరిగా, కీచుగా, ఎవరికీ చెందనట్టు మోగుతోంది.

"ఇప్పుడు ఆగిపోతుంది" అనుకుంది అమ్మ. "నా వల్లే. అందరూ మా వైపు చూస్తారు." ఆమె వేళ్ళు ఖాళీ డబ్బాని నొక్కేస్తున్నాయి.

పియానో ఆగింది. పెద్దాయన పియానో మీదుగా తల ఎత్తి వెనక వరస వైపు చూశాడు. ఒక్క క్షణం విన్నాడు. తర్వాత రెండు చేతులూ కాస్త ఎడమకి జరిపి, ఒక మెట్టు దిగి, పిల్లల దగ్గరికి వచ్చేశాడు.

అది వాళ్ళు అనుకున్న పాట కాదు. దానికన్నా లోతుగా ఉంది, కొంచెం మొరటుగా ఉంది. హాల్లో పై వరసల్లో కూర్చున్న ఒక తాతగారు నోరు తెరిచి కలిపేశాడు. నాయనమ్మ ఆగుతుందా? ఆమె గొంతు తగలగానే హాలు చివరన నీళ్ళ బల్ల మీద గ్లాసులు సన్నగా మోగాయి.

అయిపోయాక నడవాలో మిస్ పిల్లల చొక్కాలకి నీలం రిబ్బన్లు గుచ్చింది. పార్టిసిపేట్ చేసినవాళ్ళందరికీ రిబ్బను. చేపల వరస దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఎందుకో ఆమెకీ తెలిసినట్టు లేదు.

"మీకు ఇవ్వలేనమ్మా" అంది మెత్తగా. "చెప్పినట్టు చెయ్యలేదు కదా. అది పార్టిసిపేట్ చెయ్యడం కిందికి రాదు."

అమ్మకి దారిలో కూడబలుక్కున్న ఆ పాత నాలుగు మాటలూ ఇప్పుడు నాలుక చివరకి వచ్చాయి. నోరు తెరిచింది. ఆమెకన్నా ముందు ఢంకా అంది.

"రిబ్బన్ ఎందుకు మిస్? నేను పాడాను కదా."

నడవా అంతా మోగింది. ఎక్కడో ఎవరి చేతిలోంచో ట్రే జారింది.

సోమవారం సాయంత్రం డబ్బాలు మళ్ళీ సింకులోకి వచ్చాయి. అమ్మ చిన్నదాని డబ్బా మూత తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. అడుగున రెండు క్యారెట్ ముక్కలు.

"మళ్ళీ క్యారెట్లు వదిలేశావా?"

"నాకు క్యారెట్లంటే అసహ్యమని ఎన్నిసార్లు చెప్పాలి!"

గూట్లో గ్లాసులు మోగాయి. పక్కింటావిడ గోడ మీద దబదబా తట్టింది. అమ్మ క్షమించండని అనలేదు. వేడినీళ్ళు తిప్పబోయి ఆగి, డబ్బాని ఇంకోసారి చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు కడిగింది.